ఇల్లు ఊపిరి పీల్చుకోవాలి

అక్టోబరు 5, ఆదివారం

ఈ ఏటి మొదటి మంట ఈ రోజు వేశారు. మంట వేసే చోటుని మా అత్తింటివాళ్ళు ఫైర్‌ప్లేస్ అంటారు. నేను అలవాటు లేక పొయ్యి అన్నాను. "అందులో వంట చేస్తావా ఏంటి?" అంది మా ఆడపడుచు బ్లయిత్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇక్కడ మాత్రం పొయ్యి అనే రాసుకుంటాను.

చూడటానికి చాలా గొప్పగా ఉంటుంది. నేల నుంచి కప్పు దాకా ఒకటే ఎర్ర ఇటుక గోడ. అది ఇంట్లో మొదలై, అద్దాల గోడ దాటి, తోటలోకి వెళ్ళిపోతుంది. ఆ గోడ కొసన, ముందువైపూ పక్కవైపూ తెరిచి ఉన్న గూడు. మూలన స్తంభం కూడా లేదు. ఎలా నిలబడిందో అని కొత్తవాళ్ళంతా వంగి చూస్తారు. కింద, గాల్లో తేలుతున్నట్టు పొడవాటి సిమెంటు అరుగు. మా ఆయన ఎలియట్ వాళ్ళ తాతగారు వార్నర్ ఈ ఇంటిని గీసి కట్టించారు. ఆయన పోయి చాలా ఏళ్ళయినా ఈ ఇంట్లో ఆయన కుర్చీ జరపరు.

మంట వెలిగించే ముందు ఎలియట్ లేచి అద్దాల తలుపులు రెండు వైపులా బార్లా జరిపాడు. మామగారు కోటు వేసుకున్నారు. బ్లయిత్ కోటు వేసుకుంది. వార్నర్ గారి భార్య, మా బామ్మగారు, కోటు తొడుక్కుని, ఉన్ని టోపీ పెట్టుకుని, పాప్‌కార్న్ గిన్నె ఒళ్ళో పెట్టుకున్నారు. బయట వాన.

"తలుపులు ఎందుకు తెరిచావు?" అని ఎలియట్ చెవిలో అడిగాను.

"ఇల్లు ఊపిరి పీల్చుకోవాలి కదా," అన్నాడు. తాతయ్య మాటట. మామగారూ బ్లయిత్ ఒకేసారి తలాడించారు, ఆమెన్ అన్నట్టు.

ఇళ్ళల్లో కారూ కరెంటూ లేకుండా పాతకాలం పద్ధతిలో బతికే క్రైస్తవులం మేం, ఆమిష్ వాళ్ళం; ప్రార్థనకి వీపు ఆనించే చోటు లేని బల్లల మీద మూడు గంటలు కూర్చుంటాం. బయటివాళ్ళకి అది వింత. వీళ్ళకి ఇదీ అలాంటిదే కాబోలు అనుకుని, వెళ్ళి నా శాలువా తెచ్చుకున్నాను.

కళ్ళు మండాయి. అందరి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. అందరూ పాప్‌కార్న్ తింటూ మంటనే చూశారు.


అక్టోబరు 9

బామ్మగారిని ఆసుపత్రిలో చేర్చారు. న్యుమోనియా.


అక్టోబరు 11, శనివారం

ఎలియట్ ఫ్యాక్టరీ నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్తున్నాడు. నేను ఒక్కదాన్నే ఇంట్లో. ఈ ఇంట్లో అన్నీ మీటలే. దీపానికి మీట, వేడికి మీట, కారు షెడ్డు తలుపుకి మీట. పెళ్ళయి ఇక్కడికి వచ్చిన రోజు, మీట నొక్కి దీపం ఆర్పమంటే నేను ఊదబోయాను అని బ్లయిత్ అందరికీ చెబుతుంది. అది నిజం కాదు. మా ఊరి దుకాణాల్లో కరెంటు ఉంటుంది. కానీ కాదని చెప్పలేదు. అప్పుడే అందరూ నవ్వేశారు, చెప్పి ఏం లాభం.

బామ్మగారు మాత్రం నవ్వలేదు. మర్నాడు నన్ను పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళి, "దీనికి మీట లేదు. దీని పని నీదీ నాదీ," అన్నారు. అందుకే ఈ ఇంట్లో నాకు ఏదైనా నాది అనిపిస్తే అది ఇదే.

ఈ పుస్తకం ఇచ్చిందీ ఆవిడే. "నోటితో చెప్పలేనివి రాసుకో. చదివి నవ్వేవాళ్ళు ఎవరూ ఉండరు." ఎనిమిదో తరగతితో మా బడి అయిపోతుంది. రాయడం మర్చిపోయానేమో అనుకున్నాను. పోలేదు.

మధ్యాహ్నం బ్లయిత్ వచ్చింది. తను ఇళ్ళు అమ్మిపెడుతుంది. కొలిచే టేపు ఎప్పుడూ సంచీలోనే.

"డాక్టరు చెప్పాడు, ఇంట్లో పొగ పనికిరాదని. అంటే పొయ్యి మూసెయ్యాలి," అంది.

బామ్మగారిని అడిగారా అన్నాను. నిజానికి అనలేదు. అడగాలనుకున్నాను.

"గూటికి గోడ కట్టేసి, కరెంటు మంట పెడదాం. పైన టీవీ. ఇటుకలకి తెల్ల రంగు. ఇప్పుడు అందరూ అదే చేస్తున్నారు, లిండీ. ఈ ఎరుపు చూస్తే తలనొప్పి వస్తుంది."

నా పేరు మాలిండా.

ఆమె కొలుస్తుంటే నేను గోడ మీది ఫొటో చూస్తూ నిలబడ్డాను. ఇల్లు కట్టిన కొత్తలో పత్రికవాళ్ళు తీసిందట. అరుగు మీద బామ్మగారు, అప్పుడు నా వయసే ఉంటుంది. మెడలో పట్టు గుడ్డ, దాని కొస గాల్లో అందంగా ఎగురుతోంది. వెనక మంట. ఫొటోల్లో అలా ఎలా నిలబడతారో. మా పెళ్ళి ఫొటోలో నేను తల దించుకుని ఉన్నాను. మావాళ్ళలో ఫొటో దిగడం గర్వం కింద లెక్క. అలవాటు పోలేదు.


అక్టోబరు 13

ఆలోచిస్తే అర్థమైంది. తప్పు పొయ్యిది కాదు, కట్టెలది. ఎలియట్ తెచ్చినవి పచ్చిగా ఉన్నాయి. షెడ్డులో అడుగున ఎండు కట్టెలున్నాయి. రేపు వాటితో వేస్తాను. పొగ రాకపోతే మూసే పనే ఉండదు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, దానంతట అదే సరిపోతుంది.


అక్టోబరు 14

కట్టెలది కాదు.


అక్టోబరు 15

పొగగొట్టానిది. ఇంటికప్పు చదును కాబట్టి నిచ్చెన వేసుకుని ఎక్కడం తేలిక. గౌను కుట్ల మధ్య గాలి దూరి చలికి వణికాను గానీ పైనుంచి చూస్తే మొక్కజొన్న కోసేసిన పొలాల మీదుగా మావైపు గుర్రబ్బండి ఒకటి వెళ్ళడం కనిపించింది. గొట్టంలో పాత పక్షిగూడు. కర్రతో లాగి పడేశాను. మసి నిండా అంటుకుంది. పక్కింటి ఆయన కిందనుంచి చూసి, "ఏమ్మా, అంతా బాగానే ఉందా?" అని అరిచాడు. చెయ్యి ఊపాను. ఈ ఇంటి కోడళ్ళలో ఎవరూ కప్పు ఎక్కి ఉండరు. ఇది గర్వం కాదు, ఊరికే రాస్తున్నాను.

ఇక పొగ రాదు.


అక్టోబరు 15, సాయంత్రం

వచ్చింది. ఎలియట్ వచ్చి "ఏంటీ వాసన?" అన్నాడు. రొట్టె మాడింది అన్నాను. ఒక రొట్టె నిజంగానే మాడ్చాను, మాట అబద్ధం కాకుండా.


అక్టోబరు 17, శుక్రవారం

ఈ రోజు ఒకటి జరిగింది. ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

చివరిసారి చూద్దామని చిన్న మంట వేశాను. ఎప్పటిలాగే గూటి పై అంచు కింద నుంచి పొగ సన్నగా పాకి, కప్పు వైపు తిరిగింది. కోపం వచ్చింది. వంటింట్లో చేతికి దొరికిన ఓవెన్ ట్రే తెచ్చి విసనకర్రలా విసిరాను, పొగని లోపలికి నెడదామని. ఇంకా ఎక్కువ వచ్చింది. చేతులు నొప్పెట్టి, ట్రేని గూటి పై అంచుకి ఆనించి ఊపిరి తీసుకున్నాను. పొగ ఆగింది.

ట్రే తీశాను. వచ్చింది. పెట్టాను. ఆగింది. పక్కవైపు నుంచి ఇంకా వస్తోంది. రెండో ట్రే తెచ్చి అటు పెట్టాను. మొత్తం ఆగిపోయింది.

ఎందుకో నాకు తెలియదు. గూటి నోరు మరీ ఎత్తుగా ఉందేమో, కాస్త దించితే చాలేమో. అంతే తెలుసు. చేతులు చాపుకుని, పక్షిలా, చాలాసేపు నిలబడ్డాను. మంట బుసబుసా పైకి లాగుతోంది. నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను, ఒక్కదాన్నే కదా.

ఎవరికీ చెప్పను. నేనెవర్ని చెప్పడానికి. ఇది వార్నర్ గారి పొయ్యి. పత్రికలో వచ్చింది.


అక్టోబరు 20

బామ్మగారు ఇంటికొచ్చారు. చాలా చిక్కిపోయారు. కిటికీ పక్కన మంచం వేశాం, తోట కనబడేలా.

ఆవిడ చూస్తుంటారు కదా అని కారు షెడ్డు పక్కన ఉల్లికాడల మడిలో కలుపు తీశాను. ఆ మడి ఎందుకో మూల తిరిగి ఉంటుంది. దాని చుట్టూ పాచిరంగు పట్టిన రేకు అంచు, సరిగ్గా మధ్యలో మడత. వేసవి నుంచీ నా మోకాలికి కొట్టుకుంటూనే ఉంది. ఈ రోజు గీరుకుని రక్తం వచ్చింది. పీకేద్దామని పట్టుకుని లాగాను.

టకటకా అద్దం మీద కొట్టిన చప్పుడు. బామ్మగారు మంచం మీద లేచి కూర్చుని, వద్దు వద్దని వేలు ఊపుతున్నారు. లోపలికి వెళ్తే, "అది అక్కడే ఉండనీ," అన్నారు. దగ్గు వచ్చింది. ఇంకేం చెప్పలేదు.


అక్టోబరు 26, ఆదివారం

మంట లేని ఆదివారం. అయినా అందరూ వచ్చారు, పాప్‌కార్న్ చేశాను. బామ్మగారు వచ్చి అలవాటుగా కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, ఖాళీ పొయ్యి ముందు కూర్చున్నారు.

"నానమ్మా, కోటెందుకు? మంట లేదుగా," అంది బ్లయిత్.

బామ్మగారు కోటు చూసుకున్నారు. గుండీలు విప్పలేదు.

మామగారు గొంతు సవరించుకుని చెప్పారు. థాంక్స్‌గివింగ్ పండగ అయ్యాక సోమవారం, డిసెంబరు ఒకటిన, గోడ కట్టే మనిషి వస్తాడట. "నీ కోసమే అమ్మా. నీ ఊపిరితిత్తుల కోసం."

"దాంతో పాటు నన్నూ ఎక్కడైనా వృద్ధాశ్రమంలో పెట్టెయ్యి, రస్సెల్. మూసేసిన పొయ్యి ముందు కూర్చోవడానికి నాకు ఈ ఇల్లెందుకు?"

మామగారి మొహం నల్లబడింది. "అలా మాట్లాడకు."

"తలుపులైనా మూసి ఉంటాయిలే, నానమ్మా," అంది బ్లయిత్.

నేను నోరు తెరిచాను. అందరూ నావైపు చూశారు. "ఇంకొంచెం పాప్‌కార్న్ తెస్తాను," అన్నాను.


నవంబరు 2, ఆదివారం

ఎలియట్ నన్ను అమ్మా నాన్న దగ్గర దించి, సాయంత్రం వస్తానన్నాడు. మావాళ్ళు పెద్దయ్యాక తీసుకునే బాప్తిస్మం నేను తీసుకోకముందే వెళ్ళిపోయాను కాబట్టి నన్ను వెలివేయలేదు. కానీ నాన్న నాతో వాతావరణం తప్ప ఏమీ మాట్లాడరు. ఈ రోజు కొంచెం ఎక్కువ మాట్లాడారు.

"వాళ్ళింట్లో పొయ్యి ఉందటగా?"

"ఉంది."

"బాగా మండుతుందా?"

"మండుతుంది," అన్నాను.

గిన్నెలు తోముతూ అమ్మకి అంతా చెప్పాను. ట్రేల సంగతి, చేతులు చాపి నిలబడ్డ సంగతి. అమ్మ నవ్వింది.

"మరి వాళ్ళకి చెప్పలేదేం?"

"నేను చెబితే గర్వం అనుకోరూ? కోడలు వచ్చి తాతగారి పొయ్యికి వంక పెట్టిందని."

అమ్మ చేతిలోని గిన్నె నీళ్ళలో పడేసింది. "ఓసి పిల్లా! నోరు మూసుక్కూర్చోవడం అణకువ అనుకుంటున్నావా? నిన్ను చూసి నవ్వుతారని భయం నీకు, అంతే. దాన్ని తీసుకొచ్చి దేవుడి మీద పెట్టకు. ఆ ముసలావిడ పొగ పీలుస్తుంటే నువ్వు నీ పరువు చూసుకుంటున్నావు."

నాకు ఏడుపొచ్చింది. అమ్మ తుడుచుకోమని తడి గుడ్డ ఇచ్చింది, గిన్నెల గుడ్డే.


నవంబరు 9

ఎలియట్‌కి చెప్పడానికి ప్రయత్నించాను.

"మీ తాతయ్య పొయ్యి పొగ వస్తుంది కదా," అన్నాను.

"పొగేంటి లిండా? అది కట్టె వాసన." నిజంగానే అన్నాడు. అబద్ధం ఆడే మొహం కాదు. చిన్నప్పటినుంచీ కళ్ళు మండితే అది ఆదివారం అనుకున్నాడు పాపం. మా అన్నయ్యతో పాటు ఫ్యాక్టరీలో పనిచేస్తూ మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు, పొయ్యి దగ్గర కూర్చోమంటే కోటు విప్పకుండా కూర్చున్నాడు. మా అమ్మ, "ఈ అబ్బాయి ఉండడానికి రాలేదు, వెళ్ళిపోతాడేమో," అంది. ఇప్పుడు అర్థమైంది ఎందుకో.


నవంబరు 16

చెప్పలేదు.


నవంబరు 23

చెప్పలేదు. తెల్ల రంగు డబ్బాలు వచ్చాయి. కారు షెడ్డులో, ఉల్లికాడల మడి ఉన్న వైపు పేర్చారు. రంగు పేరు 'మేఘం' అట.


నవంబరు 27, గురువారం, థాంక్స్‌గివింగ్

ఈ రాత్రి గబగబా రాస్తున్నాను. అక్షరాలు వంకరగా వస్తే రానీ.

పొద్దున్నుంచీ టర్కీ కోడి ఓవెన్లో ఉంది. మావాళ్ళ పద్ధతిలో మెత్తని బంగాళాదుంప మీద నూడుల్స్ వేసి చేశాను. బ్లయిత్ చూసి, "పిండి మీద పిండి!" అంది. తర్వాత రెండుసార్లు వడ్డించుకుంది.

భోజనాలయ్యాక బామ్మగారు చేతికర్ర నేలకి ఆనించి, "మంట వెయ్యండి," అన్నారు.

"అమ్మా, డాక్టరు—"

"డాక్టరు ఇక్కడికి భోజనానికి రాలేదుగా. సోమవారం నుంచి మీ బల్బు వెలుతురు చూస్తూ కూర్చుంటాను. ఇవాళ మంట చూస్తాను. ఇది నా ఇల్లు, రస్సెల్."

మామగారు ఓడిపోయారు. ఎలియట్ లేచి తలుపులు రెండూ జరిపాడు. బయట సన్నగా మంచు పడుతోంది. అందరూ కోట్లు వేసుకున్నారు. బామ్మగారికి కోటు మీద రెండు దుప్పట్లు కప్పాను. మామగారే మంట వెలిగించారు. చెయ్యి కాస్త ఆలస్యంగా వెనక్కి తీశారు, ఇదే చివరిసారి అని కాబోలు.

పొగ బయలుదేరింది. పై అంచు కింద నుంచి, సన్నగా, ఎప్పటిలాగే. బామ్మగారు దగ్గారు. ఆగలేదు. దుప్పటి నోటికి అడ్డం పెట్టుకున్నారు, మేం చూడకుండా.

"పొగ వస్తోంది," అన్నాను.

ఎవరికీ వినపడలేదు. నాకే సరిగ్గా వినపడలేదు.

లేచి నిలబడ్డాను. "ఈ పొయ్యి పొగ చిమ్ముతుంది. ఎప్పుడూ చిమ్ముతుంది. అందుకే తలుపులు తెరుస్తున్నారు. అందుకే కోట్లు."

బ్లయిత్ నోట్లో పాప్‌కార్న్ అలాగే ఉండిపోయింది. మామగారు మెల్లగా, దయగానే అన్నారు, "మాలిండా, ఈ పొయ్యి ఫొటో చూసి, ఇళ్ళు కట్టడం చదువుకునే పిల్లలు ఎంతో దూరం నుంచి వస్తారు. మా నాన్న..." అక్కడ ఆగిపోయారు. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఏడుపు కాదు. పొగ.

ఇంకొక్క క్షణం అక్కడే ఉంటే కూర్చుండిపోతానని తెలుసు. వంటింట్లోకి పరిగెత్తాను. ఓవెన్ ట్రేలు రెండు. ఒకదానికి టర్కీ కొవ్వు ఇంకా కారుతోంది. వేడికి పట్టుకునే దస్తానాలు తొడుక్కున్నాను, కోడిపుంజుల బొమ్మలవి. వచ్చి అరుగు ఎక్కి, ఒక ట్రే ముందువైపు, ఒకటి పక్కవైపు, గూటి పై అంచుకి గట్టిగా ఆనించాను. మూల దగ్గర రెండూ కలిశాయి. నా ముక్కు ఇటుకలకి తగులుతోంది. వెనక ఎవరు ఏ మొహం పెట్టారో కనిపించకపోవడం మంచిదే అయింది.

కొవ్వు మోచేతి మీదుగా గౌనులోకి కారింది. 

"రస్సెల్," అన్నారు బామ్మగారు. "ఆ తలుపు మూయి. చలేస్తోంది."

"మూస్తే ఎలా అమ్మా, ఇల్లు ఊపిరి..."

"మూయమంటున్నానా!"

ఒక తలుపు జరిగిన చప్పుడు. ఆగారు. రెండో తలుపు. గాలి హోరు ఆగిపోయింది. అప్పుడు ఒక చప్పుడు వినిపించింది. కట్టె చిటపటలాడటం, మంట పైకి లాగడం. ఇన్నేళ్ళూ తలుపులు తెరిచి కూర్చునేసరికి వీళ్ళు తమ మంట చప్పుడు సరిగ్గా వినలేదు. "అది ఏంటి?" అంది బ్లయిత్, చిన్నపిల్లలా.

"మంట," అన్నాడు ఎలియట్. వచ్చి నా చేతిలోంచి పక్క ట్రే తీసుకుని తను పట్టుకున్నాడు. వట్టి చేత్తోనే. "అబ్బా!" అన్నాడు గానీ వదల్లేదు. ఒక దస్తానా ఇచ్చాను.

ఇద్దరం గోడకి అతుక్కుని నిలబడి ఉండగా, వెనకనుంచి బామ్మగారి నవ్వు. దగ్గు కాదు, నవ్వే.

"రస్సెల్, నువ్వప్పుడు చంటివాడివి. పొగకి ఏడుస్తుంటే నీ ఉయ్యాల ఆ చివరి గదికి మార్చాను. మీ నాన్న ఊళ్ళో లేనప్పుడు రాగి పని చేసేవాణ్ణి పిలిపించి కొలతలు తీయించాను. ఆ ట్రేల బదులు ఒక రాగి పట్టీ, మూలకి సరిగ్గా వంగేది. ఆయన పుట్టినరోజుకి ఇద్దామని. పొడవాటి పెట్టె, రిబ్బను కట్టి. పెట్టె తెరిచి ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, 'మంచి పనితనం లెనోర్. ఎక్కడికిది?' అన్నాడు. ఆయన మొహం చూశాను. పత్రికవాళ్ళు వచ్చి వెళ్ళి వారం కూడా కాలేదు."

"ఏమన్నారు మీరు?" ఇటుకలకేసి అడిగాను.

"తోటకి అన్నాను. మడి అంచుకి."

నా పక్కన ఎలియట్ మెడ తిప్పి ఆవిడ వైపు చూశాడు.

"ఆ తర్వాత ఏముంది, ఉల్లికాడలు నాటాల్సి వచ్చింది. నాకు అవి నచ్చవు కూడా."

ఎలియట్ నవ్వాపుకోలేక ట్రే వదిలేశాడు. పొగ ఒక్కసారి బుస్సుమంది. "పట్టుకో, పట్టుకో!" అని అరిచింది బ్లయిత్. ఆ అరుపు విని నాకూ నవ్వొచ్చింది.

"తాతయ్యకి తెలియనే తెలియదా?" అంది తను తర్వాత.

బామ్మగారు మంట వైపు చూస్తూ చెప్పారు. "ప్రతి వసంతంలోనూ ఆ అంచుని ఆయనే సరిచేసేవాడు. మట్టి తీసి, మూలమట్టం పెట్టి మరీ. ఉల్లికాడల మడికి మూలమట్టం ఎందుకో, నేనెప్పుడూ అడగలేదు. ఆయనా చెప్పలేదు."

మామగారు వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డారు, మడి వైపు చూస్తూ. చాలాసేపు.


నవంబరు 28, శుక్రవారం

తవ్వాం. మామగారే తవ్వారు, ఆఫీసు బూట్లతో. నేను చెయ్యి వేయబోతే, "ఉండమ్మా, ఇది నేను తీయాలి," అన్నారు. పై అంచు పొడవునా మరల కోసం చిల్లులు ఉన్నాయి. వేసవంతా వాటిని చూశాను, వాన నీళ్ళు పోవడానికి అనుకున్నాను.

ఉప్పూ వెనిగరూ కలిపి తోమాను. ఆకుపచ్చ పోయి కింద నుంచి ఎర్రగా, నిగనిగా, కొత్త పెళ్ళికూతురి బుగ్గలా బయటపడింది. బ్లయిత్ వచ్చి కాసేపు చూసి, చేతి ఉంగరాలు తీసి, గుడ్డ అందుకుంది.

"చిన్నప్పుడు ప్రతి ఆదివారం తలస్నానం చేసి పడుకునేదాన్ని, జుట్టు వాసనకి," అంది తోముతూ. "ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు చూడు."

ఇంకాసేపయ్యాక, "ఆ రంగు డబ్బాలు వెనక్కి తీసుకుంటారో లేదో, మాలిండా," అంది.

లిండీ అనలేదు.

మడత దగ్గర కొంచెం ఆకుపచ్చ ఉండిపోయింది. తోమబోతే బామ్మగారు మంచం మీద నుంచే అద్దం మీద తట్టారు. వేలు ఊపారు. వదిలేశాను.


నవంబరు 29

మామగారూ ఎలియట్ పట్టీ బిగించారు. ఇటుకలకి చిల్లులు వేసేటప్పుడు మామగారు కళ్ళు మూసుకున్నారు. "కళ్ళు తెరిచి వెయ్యి నాన్నా!" అన్నాడు ఎలియట్. వెంట్రుక వాసి తేడా లేకుండా మూలకి అతుక్కుంది. ఆ రాగి పనివాడు ఎవరో.

ఎర్ర ఇటుక మీద ఎర్ర రాగి. ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టుంది. ఇది గర్వం కాదు.


నవంబరు 30, ఆదివారం

మంట నేను వేశాను. బామ్మగారు వెయ్యమన్నారు. పొగగొట్టం లోపలి రేకు తెరిచాను, కాగితం వెలిగించి పైకి చూపించాను, లాగింది. సన్న పుల్లలు, తర్వాత కట్టెలు. ఎలియట్ అలవాటుగా లేచి తలుపు దగ్గరికి వెళ్ళి, పిడి మీద చెయ్యి వేసి, నావైపు చూశాడు. వద్దన్నట్టు తలాడించాను. వచ్చి కూర్చున్నాడు.

అందరూ కోట్లతో కూర్చుని పై అంచు వైపే చూస్తున్నారు. పాప్‌కార్న్ ఎవరూ ముట్టలేదు. పొగ రాగి దాకా వచ్చి, కిందికి తొంగి చూసి, వెనక్కి తిరిగి గొట్టంలోకి వెళ్ళిపోయింది. ఎంతసేపు చూసినా అంతే.

గది వేడెక్కింది. మొదట బ్లయిత్ కోటు విప్పింది. తర్వాత ఎలియట్. మామగారు గుండీలు విప్పి, ఒక చెయ్యి తీసి, ఆగి, రెండో చెయ్యి తీశారు. ఆ కోటు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నారు. ఈ గదిలో కోట్లు తగిలించడానికి మేకు ఒక్కటి కూడా లేదు. బామ్మగారు అన్నిటికన్నా ఆఖర్న ఉన్ని టోపీ తీశారు. జుట్టు నిక్కపొడుచుకుని ఉంది. ఒక్కసారి కూడా దగ్గలేదు.

"వార్నర్, ఇప్పుడు పీల్చుకుంటోంది చూడు," అన్నారు కుర్చీ వైపు తిరిగి.

బ్లయిత్ లేచి ఫోను తీసింది. "మాలిండా, అరుగు మీద కూర్చో. ఫొటో."

నేను వద్దన్నాను. బామ్మగారు గోడ మీది పాత ఫొటో వైపు చేతికర్ర చూపించారు. "అందులో నా మెడలో గుడ్డ ఎందుకు ఎగురుతోందో తెలుసా? ఫొటో తీసేవాడి వెనక తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ముక్కు ఎర్రబడింది చలికి. వెళ్ళు, కూర్చో. దీనికి ఒక మంచి ఫొటో బాకీ ఉంది."

కూర్చున్నాను. వీపుకి మంట వెచ్చగా తగిలింది. పైన రాగి, పక్కన ఇటుక. నాన్న అడిగింది గుర్తొచ్చింది, బాగా మండుతుందా అని. తల ఎత్తి సూటిగా ఫోను వైపు చూశాను.

ఇప్పుడు ఆ ఫొటో బ్లయిత్ కాగితం మీద తీసి ఇచ్చింది, ఈ పేజీలో పెట్టుకున్నాను. నా జుట్టులో ఒక్క వెంట్రుక కూడా ఎగరలేదు. తలుపులు మూసి ఉన్నాయి. నేను చాలా గర్వంగా కనిపిస్తున్నాను.

ఉన్నాను కూడా.